ప్యాడ్లు మారుద్దామని విప్పితే కాలిపర్ లేవలేదు: పట్టేసిన గైడ్ పిన్ను కేసు

బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. మార్చుకోవచ్చు, అన్నీ కదిలే కారైతే అందులో పెద్ద విద్యేం లేదు, కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే బిగింపు) రెండు బోల్టులు విప్పడం, దాని లోపలి పిస్టన్ వెనక్కి నొక్కడం, కొత్తవి పెట్టడం. గొడవంతా ఏదో ఒకటి పట్టేసినప్పుడే వస్తుంది, అప్పుడు వీడియోలో చూపించినవాడు మన పార్కింగ్‌లో ఉండడు. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో పట్టేసిన గైడ్ పిన్ను (కాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీ) చూడ్డానికి అచ్చం తుప్పు కేసులా ఉంది, కానీ తుప్పు కాదు. తుప్పు అనుకుని చేసే పనులన్నీ దీన్ని ఇంకా బిగిస్తాయి. కస్టమర్‌ని అడిగే రాస్తున్నా, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కారు మోడల్ కూడా చెప్పట్లేదు, ఎందుకంటే ఇదే డిజైన్ మన రోడ్ల మీద తిరిగే సగం హ్యాచ్‌బ్యాకుల్లో ఉంది.

నేపథ్యం

విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక అపార్ట్‌మెంటు. పదేళ్ళు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ముందు డిస్క్, వెనక డ్రమ్. వారానికోసారి బయటకి తీస్తే తీసినట్టు, మిగతా టైమంతా సెల్లార్ మూల ఉప్పుగాలికి నిలబడే ఉంటుంది. ఉప్పుగాలి సంగతి ఇక్కడ బండి ఉన్నవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు, సైకిల్ చైన్ దగ్గర్నుంచి గేటు గొళ్ళెం దాకా ఏదీ వదలదు. ముందు ప్యాడ్లు కొన్నేళ్ళ క్రితం ఎక్కడో బయట మార్పించారు, బిల్లు లేదు, ఏం వేశారో తెలీదు.

కస్టమర్ చేతకానివాడేం కాదు. ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు తనే మార్చుకుంటాడు, పానాల సెట్టు మంచిదే ఉంది. కంప్లయింట్ ఏంటంటే ముందు ఎడమ చక్రం దగ్గర కీచు శబ్దం, కాస్త దూరం వెళ్ళొచ్చాక ఆ చక్రం దగ్గర చెయ్యి పెడితే కుడి పక్క కంటే బాగా వేడి, రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే బండి మెల్లగా ఎడమకి లాగడం. ప్యాడ్లు అరిగిపోయాయి అనుకుని కొత్త సెట్టు కొన్నాడు, ఆదివారం పొద్దున్నే బావమరిదిని తోడు పెట్టుకుని మొదలెట్టాడు.

నా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి

కుడి పక్క సాఫీగా అయిపోయింది. అది అవ్వడమే ఒకరకంగా ఇబ్బంది అయింది, ఎందుకంటే ఎడమ పక్క కూడా అలాగే వస్తుందన్న ధీమాతో దిగారు. ముందు పిస్టన్ వెనక్కి నెట్టడానికి బయటి ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి తన్నారు, కదల్లేదు. సరే అని కింది బోల్టు విప్పి, వీడియోలో చూపించినట్టు కాలిపర్‌ని పై పిన్ను ఆధారంగా తలుపులా పైకి లేపబోయారు. ఒక అంగుళం లేచింది, వదిలేస్తే మళ్ళీ కిందకి వచ్చేసింది. లేపడం, అది తిరిగి రావడం. ప్యాడ్లు ఎక్కడో తగులుతున్నాయనుకుని సుత్తితో రెండు దెబ్బలు, తర్వాత బలం కోసం గొట్టం వేసి ఎత్తడం. అప్పుడు పై పిన్ను రబ్బరు బూటు (దుమ్ము పోకుండా ఉండే తొడుగు) మెలి తిరిగి చిరిగింది, లోపల ఏదో పాతకాలం గ్రీజు కనిపించింది. అక్కడ ఆగి నాకు ఫోన్ చేశారు.

"మాస్టారూ, పిస్టన్ జామ్ అయిపోయినట్టుంది, కాలిపర్ కిట్ తెచ్చేయమంటారా?"

నేను అడిగిన మొదటి ప్రశ్న పిస్టన్ గురించి కాదు, బండి దేని మీద నిలబడి ఉందని. డిక్కీలో వచ్చిన జాకీ మీదే ఉందట, ఆ జాకీ మీద ఉన్న బండిని గొట్టం వేసి గుంజుతున్నారు. ముందు స్టాండ్లు పెట్టండి సార్, లేకపోతే విప్పిన టైరూ స్టెప్నీ రెండూ సిల్లు (తలుపుల కింది అంచు) కింద పడేయండి, నేనొచ్చేదాకా దేన్నీ కొట్టొద్దు అన్నాను. ఇంకోటి, హోస్ (కాలిపర్‌కి బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) మీద బరువు పడకుండా చూడమన్నాను. బ్రేక్ హోస్ లోపల నలిగితే బయటికి ఏం తెలీదు.

ముందు చూడటం, తర్వాత పట్టుకోవడం

ఇలాంటి చోట నా పద్ధతి ఒకటే, పట్టుకుని ఉండగలిగేవి ఎన్ని ఉన్నాయో లెక్కేసి, అన్నిటికంటే తక్కువ నష్టంతో తేలేదాన్ని ముందు తేల్చడం. ఫ్లోటింగ్ కాలిపర్‌లో అనుమానితులు ఎక్కువమంది లేరు: పిస్టన్, గైడ్ పిన్నులు, బ్రాకెట్‌లో (కాలిపర్‌ని, ప్యాడ్లని మోసే చట్రం) కూర్చునే ప్యాడ్ చెవులు, అంటే ప్యాడ్ రెండు చివర్లు, డిస్క్ అంచున పెరిగే తుప్పు గట్టు. వీటితో పాటు హోస్ లోపల మూసుకుపోవడం. ఐదింటికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే, కాలిపర్ రావట్లేదు. కాబట్టి లక్షణం చూసి పార్టు కొనకూడదు.

టార్చి వేసి చూస్తే లోపలి ప్యాడ్ దాదాపు వెనకున్న ఇనప రేకు దాకా వచ్చేసింది, బయటి ప్యాడ్ ఇంకా సగం పైనే ఉంది, అది కూడా ఒక చివర మందం, ఒక చివర పల్చన. ఇక్కడే సగం కథ తెలిసిపోతుంది. ఈ రకం కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, లోపలి వైపు. అది లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి నొక్కుతుంది, దాని ఎదురుతోపుకి కాలిపర్ బాడీ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. బాడీ జారకపోతే పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది, పెడల్ వదిలాక కూడా బాడీ తన చోటుకి సర్దుకోదు, ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది, చక్రం వేడెక్కుతుంది. పిస్టన్ వెనక్కి రాకపోయినా లోపలి ప్యాడ్ ఎక్కువ అరగొచ్చు, అందుకే ప్యాడ్ మందం ఒక్కదాన్ని బట్టి తీర్పు చెప్పను. కానీ ప్యాడ్ ఏటవాలుగా అరగడం మాత్రం రెండు పిన్నుల్లో ఒకటి కదిలి ఒకటి కదలనప్పుడు ఎక్కువ చూస్తాం.

పిస్టన్‌ని తేల్చడానికి చేసింది చిన్న పని. ఆయన స్క్రూడ్రైవర్ పెట్టింది బయటి ప్యాడ్ దగ్గర. అక్కడ తన్నితే బాడీ మొత్తం బయటికి జరగాలి, అంటే పిన్ను జారాలి, పిస్టన్ కూడా లోపలికి పోవాలి, రెండూ జరగాలి. కదల్లేదంటే ఏది ఆపిందో ఎలా తెలుస్తుంది? సి క్లాంప్ వేసి బిగించినా ఇదే తంతు, అది కూడా బాడీని జరిపే పనే. అందుకని నేను లోపలి ప్యాడ్ రేకు అంచుకీ డిస్క్‌కీ మధ్య చదును రాడ్డు పెట్టి, బ్రేక్ ఆయిల్ రిజర్వాయర్ మూత వదులు చేసి, ప్యాడ్‌ని నేరుగా పిస్టన్ వైపు మెల్లగా నెట్టాను. ఇక్కడ పిన్నుతో సంబంధం లేదు. పిస్టన్ మెత్తగా లోపలికి వెళ్ళిపోయింది. బ్లీడర్ నిపుల్ (కాలిపర్‌లోంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) ముట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఒకవేళ కదలకపోతే అప్పుడు నిపుల్ వదులు చేసి మళ్ళీ నెట్టేవాణ్ణి: నిపుల్ తెరిచాక కదిలితే ఆయిల్ వెనక్కి పోయే దారి, అంటే ఎక్కువగా హోస్, మూసుకుపోయినట్టు, తెరిచినా కదలకపోతే పిస్టనే పట్టేసినట్టు. ఆ నిపుల్‌ని కూడా ఊరికే తిప్పకూడదు, లోపల బోలుగా ఉంటుంది కాబట్టి తుప్పు పట్టినదాన్ని మామూలు పానాతో లాగితే మెడ దగ్గర తెగుతుంది, ఆరు పలకల సాకెట్ వేసి ముందు రవ్వంత బిగించి, ఆ తర్వాతే వదులు చేయాలి.

సో పిస్టన్ నిర్దోషి. కాలిపర్ కిట్ డబ్బులు మిగిలాయి.

తర్వాత పై బోల్టు. ఇక్కడ ఒక గుర్తు దొరికింది, ఈ కేసులో నాకు బాగా నచ్చింది ఇదే. గైడ్ బోల్టు విప్పేటప్పుడు మామూలుగా దాని వెనక పిన్ను కూడా తిరిగిపోతుంది, సన్నటి డి పానా వేసి పిన్ను పలకలు పట్టుకుంటే తప్ప బోల్టు ఊడదు. కుడి పక్క రెండు బోల్టులకీ, ఎడమ పక్క కింది బోల్టుకీ ఆయన అలాగే పట్టుకుని విప్పాడట, విసుక్కున్నాడు కూడా. పై బోల్టుకి నేను పానా వేయగానే పిన్ను పట్టుకోకుండానే బుద్ధిగా ఊడొచ్చింది. బావమరిది "ఇదొక్కటైనా సుఖంగా వచ్చింది బావా" అన్నాడు. సుఖంగా రావడమే జబ్బు. పిన్ను తిరగట్లేదు కాబట్టే బోల్టు ఒంటరిగా తిరిగింది.

రెండు బోల్టులూ తీసి, పిస్టన్ వెనక్కి ఉంది కాబట్టి బాడీ ప్యాడ్ల మీద నుంచి లేచి వచ్చేసింది, తీగతో స్ప్రింగుకి కట్టేశాం, హోస్ మీద వేలాడదీయకుండా. ప్యాడ్లు బ్రాకెట్‌లో ఇరుక్కున్నాయి, చెవులు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద తుప్పు పొంగి సందు ఇరుకైపోయింది. అది నిజంగా తుప్పే, కాబట్టి తుప్పు వైద్యమే: ఆయిల్ కొట్టి, చెవి దగ్గర చిన్న సుత్తితో పక్క నుంచి తడుతూ తీశాం. పాత ప్యాడ్లు ఎలాగూ పారేసేవే కాబట్టి కొట్టడానికి మొహమాటం లేదు. దుమ్ము మాత్రం గాలి కొట్టి ఊదకూడదు, తడిపి తుడవాలి, పాత ప్యాడ్‌లో ఏం కలిపారో ఎవరికి తెలుసు.

పనిచేయనివి

మిగిలింది బ్రాకెట్, అందులో పై పిన్ను. బండి మీదే ఉంచి కొట్టడమా, బ్రాకెట్ విప్పి బెంచి వైస్‌లో పెట్టడమా? నేను విప్పాను. బండి మీద ఉంటే గట్టిగా పట్టుకుని ఉంటుంది నిజమే, కానీ పిన్నుని తిన్నగా లాగడానికి చోటు లేదు, ఏటవాలుగా లాగితే బ్రాకెట్ రంధ్రం గీసుకుపోతుంది. నకిల్ (చక్రాన్ని మోసే ఇనప దిమ్మ) వెనక ఉన్న రెండు బ్రాకెట్ బోల్టులు గట్టిగా ఉంటాయి, వాటికి రింగు పానా, పొడవాటి రాడ్డు తప్పవు. వెనక నుంచి దూరే బోల్టులు కాబట్టి మనం ముందు నిలబడి తిప్పేటప్పుడు దిక్కు తారుమారు అవుతుంది, ఊడట్లేదని ఇంకా బిగించేసేవాళ్ళని చాలామందిని చూశా, కాబట్టి గొట్టం వేసేముందు బోల్టు తల వైపు నుంచి ఒకసారి ఊహించుకోవాలి.

షాపుకి తెచ్చాక మొదట పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే పల్చటి ఆయిల్) వేసి రాత్రంతా వదిలేశాను. పెద్దగా ఆశ లేదు, కానీ నష్టం కూడా లేదనుకున్నాను, బూటు ఎలాగూ చిరిగింది. పొద్దున చూస్తే తేడా లేదు. కారణం సులువే, పిన్ను కూర్చునే రంధ్రం అవతలి పక్క మూసి ఉంటుంది, ఆయిల్ మూతి దగ్గరే ఆగిపోతుంది, పట్టు ఉన్నది అడుగున. చాలామంది డబ్ల్యూడీ 40 డబ్బా సగం ఖాళీ చేసి ఇది కూడా పనిచేయలేదు అంటారు. అది 1953లో తేమని తరిమేయడానికి పుట్టిన ఆయిల్, పేరులో ఉన్నదే అది, మూసుకున్న గొయ్యి అడుగుకి వెళ్ళడం దాని పని కాదు.

తర్వాత లాకింగ్ ప్లయర్‌తో పిన్ను తల పట్టుకుని తిప్పాను. తిరిగింది. ఓ పావు చుట్టు కంటే తక్కువే, కానీ తిరిగింది, చెయ్యి వదలగానే మళ్ళీ పాత చోటుకి వచ్చేసింది. మళ్ళీ తిప్పా, మళ్ళీ వచ్చింది. అపార్ట్‌మెంటులో కాలిపర్ అంగుళం లేచి కిందకి దిగిపోయింది కదా, ఇదీ అదే. తుప్పు ఇలా చేయదు. తుప్పు పట్టుకుంటే అసలు కదలదు, లేదంటే కిర్రుమని విరిగి వదిలేస్తుంది. సాగి వెనక్కి వచ్చేది రబ్బరు ఒక్కటే. ఈ కారులో రెండు పిన్నుల్లో ఒకదానికి చివర రబ్బరు బుష్ ఉంటుంది, శబ్దం రాకుండా ఉండటానికి, ఇక్కడ అది పై పిన్నుకి ఉంది. అంటే లోపల బుష్ రాత్రంతా నానబెట్టిన శెనగ గింజలా ఉబ్బి రంధ్రాన్ని నింపేసింది, లోహానికి లోహం అంటుకోలేదు.

ఈ ఒక్క విషయం తెలిశాక లిస్టులోంచి చాలా పనులు కొట్టేశాను. సుత్తి దండగ, రబ్బరు దెబ్బని మింగేస్తుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ ఇంకా దండగ, పెట్రోలియం ఆయిల్ తగిలితే ఈ రబ్బరు ఇంకా ఉబ్బుతుంది. గ్యాస్ మంట గురించి మాత్రం కాస్త ఆలోచించాల్సిందే, మా కుర్రాడు అప్పటికే టార్చి పట్టుకుని వచ్చేశాడు, బూటు బుష్ ఎలాగూ మార్చేవే కదా కాల్చేద్దాం అని. వద్దన్నాను, కారణాలు ఇవి. రబ్బరు వేడికి ముందు మెత్తబడి జిగురులా తయారై చల్లారాక ఇంకా గట్టిగా అంటుకుంటుంది. అంతకంటే ముఖ్యం, అడుగు మూసున్న రంధ్రంలో గ్రీజు చిక్కుకుని ఉంది, వేడిచేస్తే లోపల ఒత్తిడి పెరిగి పిన్ను తుపాకీ గుండులా ఎగిరే ప్రమాదం ఉంది, వైస్ ముందు నిలబడేది మన మొహమే. ఇంకా, ఆ బ్రాకెట్ మీద అప్పటికే బ్రేక్ క్లీనర్ కొట్టి ఉన్నాం. క్లోరిన్ రకం క్లీనర్ మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు తయారవుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద వదిలింది ఆ వాయువే. డబ్బా మీద ఏ రకమో చదవకుండా బ్రేకు పనిలో మంట వెలిగించొద్దు.

స్లైడ్ హ్యామర్ (జారే బరువుతో బయటికి గుంజే పనిముట్టు) కూడా ఓసారి వేసి చూశాం, ప్రతి దెబ్బకీ రవ్వంత వచ్చి వెనక్కి లాక్కుంది. రబ్బరు జోలికి పోయే పద్ధతి ఇది కాదని తేలిపోయింది, దానికి దెబ్బ కాదు, వదలకుండా ఒకే లాగుడు కావాలి.

పనిచేసింది

పిన్నులో బోల్టు దూరే మర ఎలాగూ ఉంది కదా, దాన్నే కొక్కెంగా వాడుకున్నాం. అదే మర సైజు పొడుగు స్టడ్ (తల లేని మర కడ్డీ) ఒకటి పిన్నులోకి పూర్తిగా దింపాం. పిన్ను తల లోపల పట్టేంత పెద్ద సాకెట్‌ని దాని మీద బోర్లించి బ్రాకెట్ చెవికి ఆనించాం, పైన మందపాటి వాషర్, దాని మీద నట్టు. స్టడ్ తిరగకుండా పట్టుకుని నట్టు బిగిస్తూ పోతే పిన్ను తిన్నగా సాకెట్ లోపలికి లేస్తుంది. ఇంట్లో కూడా చేసుకోగలిగిన పుల్లర్ ఇది, కొనేదేం లేదు.

కిటుకంతా తొందరపడకపోవడంలో ఉంది. అర చుట్టు బిగించి, ఆగి, రబ్బరు సర్దుకున్నాక మళ్ళీ అర చుట్టు. నట్టు బిగువు దానంతటదే కాస్త తగ్గుతుంది, పానాకి తెలుస్తుంది, అప్పుడు మళ్ళీ బిగించాలి. ఒకేసారి లాగేస్తే బుష్ తెగి అడుగున ఉండిపోతుంది, అప్పుడు దాన్ని కొక్కేలు పెట్టి ముక్కలు ముక్కలుగా పీక్కోవాలి. కొంతమంది బ్రాకెట్ అడుగున చిన్న రంధ్రం వేసి గ్రీజు గన్నుతో లోపల్నుంచి నెడతారు, అది కూడా పనిచేస్తుంది, కానీ తర్వాత ఆ రంధ్రంలోంచి నీళ్ళు పోకుండా మూయాలి, ఉప్పుగాలి ఊళ్ళో నేను బ్రేకు భాగాలకి కొత్త రంధ్రాలు వేయను.

చివరికి ఠప్పుమని పీల్చిన శబ్దంతో బయటికొచ్చింది. పిన్ను లోహం మెరుస్తోంది, తుప్పు మచ్చ లేదు. చివర బుష్ మాత్రం నల్లగా, మెత్తగా, గోరు దిగేలా ఉంది, పక్కన కొత్త బుష్ పెట్టి చూస్తే లావు తేడా కంటికే తెలుస్తోంది. చుట్టూ పసుపు రంగు గ్రీజు, వీల్ బేరింగులకి వాడే మామూలుది.

అంటే కొన్నేళ్ళ క్రితం ప్యాడ్లు మార్చినవాళ్ళు పిన్నులకి గ్రీజు పెట్టాలన్నది కరెక్టుగానే చేశారు, పెట్టిన గ్రీజు తప్పు. బ్రేకుల్లో రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం రకం, గ్లైకాల్ బ్రేక్ ఆయిల్‌కి తట్టుకోవడానికి అది వాడతారు, దానికి పడనిదే పెట్రోలియం ఆయిల్. అందుకే పిన్నులకి సిలికాన్ గ్రీజు గానీ, బ్రేకుల కోసమే అని రాసిన సింథటిక్ గ్రీజు గానీ పెట్టాలి. కాపర్ గ్రీజు కూడా పిన్నులకి కాదు. కస్టమర్‌కి నమ్మకం కుదరక "గ్రీజు గ్రీజే కదా మాస్టారూ" అన్నాడు. కొత్త కిట్‌లో మిగిలిన బూటు నుంచి రెండు ముక్కలు కోసి, ఒకటి మామూలు గ్రీజులో, ఒకటి సిలికాన్ గ్రీజులో, రెండు సీసా మూతల్లో వేసి ఇచ్చాను, ఇంట్లో పెట్టుకుని చూడమని. తర్వాత ఆయనే ఫోటో పంపాడు, మామూలు గ్రీజులోది ఉబ్బి వంకర తిరిగింది.

తిరిగి బిగించేటప్పుడు

రంధ్రం గుండ్రటి బ్రష్‌తో, క్లీనర్‌తో కడిగాం, లోపల ఉప్పుకాగితం పెట్టి రుద్దలేదు, రంధ్రం వెడల్పైతే పిన్ను ఊగుతుంది. ప్యాడ్ చెవులు కూర్చునే చోట తుప్పు మాత్రం వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తీసి కొత్త క్లిప్పులు వేశాం. పిన్నులు, బూట్లు, బుష్ కొత్తవి, గ్రీజు పల్చటి పూత మాత్రమే, అడుగున ముద్దగా కూరితే గాలి చిక్కుకుని పిన్ను వెనక్కి తోసుకొస్తుంది.

డిస్క్ లోపలి ముఖం వేడికి నీలంగా మారి గీతలు పడింది, రెండు పక్కలా మార్చాలని చెప్పాను, ఒప్పుకున్నాడు. డిస్క్ కూడా హబ్‌కి (చక్రం బిగించే మధ్య భాగం) పట్టేసింది. ఆయన వెనక నుంచి సుత్తి ఎత్తబోతుంటే డిస్క్ టోపీ (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) మీద ఉన్న రెండు ఖాళీ మర రంధ్రాలు చూపించాను. అవి అందుకే ఉన్నాయి. రెండు ఎం8 బోల్టులు దింపి మార్చి మార్చి కొంచెం కొంచెం బిగిస్తే డిస్క్ టక్కుమని వదిలేసింది. ఇక్కడ తుప్పు కాబట్టి అలా ఒక్కసారి వదిలింది, రబ్బరైతే అలా వదలదు, తేడా ఆయనకి అప్పుడు చేతికి తెలిసింది. హబ్ ముఖం శుభ్రం చేయకుండా కొత్త డిస్క్ పెట్టకూడదు, తుప్పు పెచ్చు ఒకటి కింద ఉన్నా డిస్క్ వంకరగా తిరిగి పెడల్ కొట్టుకుంటుంది.

కుడి పక్క మళ్ళీ విప్పుదాం అన్నాను. ఆయనకి ఇష్టం లేదు, అది బాగానే వచ్చింది కదా అని. పిన్నులు కదులుతున్నాయి నిజమే, కానీ అదే మనిషి, అదే రోజు, అదే డబ్బాలోంచి పెట్టిన గ్రీజు అది. విప్పితే పసుపు గ్రీజే ఉంది, బుష్ అప్పుడప్పుడే మెత్తబడుతోంది. దాన్ని కూడా మార్చేశాం.

గైడ్ బోల్టులు చిన్నవి, వాటి బిగువు (టార్క్) చాలా హ్యాచ్‌బ్యాకుల్లో 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, బ్రాకెట్ బోల్టులు దానికి మూడింతలకి అటూ ఇటూ. మీ బండి మాన్యువల్ చూసే బిగించండి, గొట్టం వేసి బిగించిన గైడ్ బోల్టే వచ్చేసారి తెగేది. బ్రేక్ ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది కాబట్టి మార్చాం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హామీ 155 డిగ్రీలకి పడిపోతుంది, విశాఖ గాలిలో తేమకి కొదవేం లేదు.

టైర్లు ఎక్కించాక బండి తీసేముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కించాను. వెనక్కి నెట్టిన పిస్టన్ మొదటి తొక్కులకి ప్యాడ్ దాకా రాదు, ఇది మర్చిపోయి రివర్స్ తీసి పార్కింగ్ పిల్లర్‌కి కొట్టినవాళ్ళు ఉన్నారు. తర్వాత ఖాళీ రోడ్డు మీద మెల్లగా, పూర్తిగా ఆగకుండా బ్రేకులు వేస్తూ ప్యాడ్లు కూర్చోబెట్టాం. తిరిగొచ్చాక థర్మామీటర్ గన్ పెడితే రెండు పక్కలా వేడి ఇంచుమించు ఒకటే, బండి తిన్నగా పోతోంది.

ఈ కేసు నుంచి తీసుకోవాల్సినవి

నేనైతే ముందు ప్యాడ్ అరుగుదలే చూడమంటాను. లోపలిది ఎంత, బయటిది ఎంత, ఏటవాలు ఉందా అన్నది బోల్టు ముట్టుకోకముందే టార్చితో తెలుస్తుంది, ఒకసారి ప్యాడ్లు పీకి మూల పడేశాక ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

రెండోది, కదిలి వెనక్కి వచ్చేదాన్నీ, అసలు కదలనిదాన్నీ ఒకే గాటన కట్టొద్దు. బలం పెంచేముందు చెయ్యి వదిలి చూడండి, అది వెనక్కి వస్తుందా అక్కడే ఉంటుందా. ఈ కేసులో ఈ చిన్న పరీక్ష అపార్ట్‌మెంటులోనే జరిగింది, కాలిపర్ లేచి దిగిపోయినప్పుడే, కాకపోతే దాన్ని ఎవరూ సమాచారంగా తీసుకోలేదు, మొండితనంగా తీసుకున్నారు.

ఇంట్లో చేసేవాళ్ళు ఎక్కడ ఆగాలి అంటే నా లెక్క ఇది. బూటు చిరిగితే పర్లేదు, కిట్ దొరుకుతుంది. నిపుల్ తెగినా, పిన్ను లోపల విరిగినా, హోస్ మెలి తిరిగినా, బోల్టు తల పలకలు పోయి గుండ్రం అయినా, అక్కడితో ఆపేసి బండి స్టాండ్ల మీదే ఉంచి ఎవరినైనా పిలవండి. ఆ స్థితిలో మెల్లగా నడుపుకుంటూ షాపుకి తీసుకెళ్దాం అనే ఆలోచన మాత్రం వద్దు.

వెనక డ్రమ్ములు ఇంకా విప్పలేదు, వచ్చే నెల ఆయనే చేసుకుంటానన్నాడు. ఇన్నేళ్ళు ఉప్పుగాలిలో ఉన్న బండి కాబట్టి అవి హబ్‌కి పట్టేసే ఉంటాయి, ముందు హ్యాండ్ బ్రేక్ వదలమని, డ్రమ్ముకి కూడా మర రంధ్రాలు ఉన్నాయేమో వెతకమని, సుత్తి బావమరిది చేతికి ఇవ్వొద్దని చెప్పాను.